ముందూ వెనకా లేని ఓడ

భివండి,
18 ఆగస్టు 1999, బుధవారం.

మరిది అంకుశానికి,

వదిన కనకవ్వ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమమని మొదటి వరుసలోనే రాయాలి. మీ అన్న గాలయ్య క్షేమం. మా పిల్లలు దత్తు, పూనం క్షేమం. అత్తమ్మ పేరు మాత్రం ఆ వరుసలో రాయలేను. అందుకే ఈ ఉత్తరం. నీ ఇంట్లో ఎవరెవరున్నారో నాకు తెలియదు కనుక, ఉన్నవాళ్ళంతా చల్లగా ఉండాలని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా కనిపిస్తే వేరుగా అనుకోకు. జూన్ ఇరవైన వెనక మెట్ల మీద జారి కుడి మణికట్టు విరిగింది. ఆగస్టు ఐదున కట్టు విప్పారు. నలభై ఆరు రోజులు ఆ చేత్తో చెంచా కూడా పట్టలేదు.

నీ అడ్రసు ఎట్లా దొరికిందో ముందు చెప్పాలి. నువ్వు పోయాక పుట్టినవాడు మా దత్తు. కాల్హేర్‌లో ఒక గోదాములో సరుకు దింపించే పని చూస్తాడు. జూన్ మొదట్లో షోలాపూర్ నుంచి వచ్చిన ఒక లారీ వెనక పలక మీద, కింది మూలన, అరచేయంత ఓడ బొమ్మ చూశాడట. రెండు కొనలూ సూదిగా, పొట్టలో ఒకటే కన్ను. ఇంటికి వచ్చి నాతో, "అవ్వా, మన గోడ మీది ఓడ లారీ ఎక్కి షోలాపూర్ పోయొచ్చిందే" అని నవ్వాడు. నేను నవ్వలేదు. ఆ లారీ మళ్ళీ వచ్చిన రోజు డ్రైవర్ని అడిగి రమ్మన్నాను. పెట్రోలు బంకు వెనక కొట్టులో లారీల మీద పేర్లు రాసే అంకుశ్ పెయింటర్ అని, చెయ్యి మంచిది, నోరు మాత్రం విప్పడు అని చెప్పాడట. నోరు విప్పడు అన్న మాటతోనే నువ్వేనని తెలిసింది. ఇరవై ఏడేళ్ళు ఒక్క రాత్రి రైలు దూరంలో ఉన్నావన్నమాట.

అసలు మాట ఇది. సెప్టెంబరు ఆరు, సోమవారం నాడు మీ అన్న ఆ గోడ పడగొట్టిస్తున్నాడు. మగ్గాల షెడ్డుకూ పక్క గదికీ మధ్య ఉన్న గోడే. అది తీస్తే ఇంకో రెండు మగ్గాలు పడతాయి. అత్తమ్మ ఇప్పుడు ఆ గదిలోనే ఉంటుంది. రెండేళ్ళ నుంచి లేచి నడవలేదు. వచ్చిపోయేవాళ్ళ మాటలు వినపడాలని తల తలుపు వైపు పెట్టి, మంచం ఆ గోడకే ఆనించి వేశాం. గోడ పడితే ఆమెను మేడ మీదికి మార్చాలి. కదిలించొద్దు, కదిలించకపోయినా దసరా దాకా అంటే నేను చెప్పలేను అన్నాడు డాక్టరు. గోడ పోకముందు, ఆమె పోకముందు నువ్వు రావాలి.

ఆ గోడ నువ్వు మరిచి ఉండవు. నాకెట్లా గుర్తుందో కూడా నీకు తెలియాలని రాస్తున్నాను. నేను కాపురానికి వచ్చిన ఆర్నెల్లకు యుద్ధం వచ్చింది. సాయంత్రం కాగానే భివండి అంతా దీపాలు ఆర్పేవాళ్ళు. కిటికీ అద్దాలకు నల్ల కాగితాలు అంటించింది నువ్వూ నేనే. మైదా జిగురు నేను కాచాను, నువ్వు పూశావు. మీ నడిపి అన్న సోమయ్య నావికాదళం ఓడలో వంట చేసేవాడు. దేశం మొత్తం నా కొడుకు చేతి అన్నం తింటున్నదని కనుకయ్య మామ వాడకంతా చెప్పుకునేవాడు. ఓడ మునిగిందని టెలిగ్రాం వచ్చిన మూడో రోజు, మగ్గాల కింద కారిన నల్లనూనెలో దీపపు మసి కలిపి, గుడ్డ పీలికతో నువ్వు ఆ గోడ మీద నాలుగు మూరల ఓడ గీశావు.

నువ్వు యుద్ధనౌకను ఎన్నడూ చూడలేదు. నీకు తెలిసింది మగ్గం. అందుకని ఓడ పొట్ట నాడె ఆకారంలో వచ్చింది. పడుగు దారాల మధ్య ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పరుగెత్తే నాడె. పైన తోపుల గొట్టాలు ఉండాల్సిన చోట మగ్గం చట్రం నిలబడ్డది. సముద్రానికి బదులు పడుగులాగా నిలువు గీతలు. నాడెకు దారం తీసే కన్ను ఉన్నట్టు ఓడకు ఒకటే కిటికీ, ఆ కిటికీలోంచి ఒక దారం కిందికి దిగి, అత్తమ్మ కండెలు చుట్టే రాట్నం దగ్గర ఆగింది. మామ వచ్చి చూశాడు. "మనుషులేర్రా? ఓడంటే మనుషులుండొద్దా?" అన్నాడు. "అందరు లోపటున్నరు నాయినా" అన్నావు నువ్వు. "సావు జరిగిన ఇంట్ల సావు బొమ్మ గీస్తవారా" అని చెంప మీద కొట్టి, సున్నం కుంచె నీ చేతికిచ్చాడు. నువ్వు పట్టుకోలేదు. మీ అన్న పట్టుకున్నాడు. ఫిబ్రవరిలో నువ్వు సంచి భుజాన వేసుకుని వెళ్తుంటే అత్తమ్మ కండెలు చుడుతోంది. రాట్నం ఆపలేదు. ఆపి ఉంటే వెళ్ళనిచ్చేది కాదని నేను అనుకుంటాను.

నాకొక నోటుబుక్కు ఉంది. సిలిండరు మార్చిన తేదీ, పిల్లల టీకాలు, అత్తమ్మ మందులు, ఏ దుప్పటి ఎప్పుడు చింపి పాతగుడ్డ చేశానో కూడా అందులో ఉంటుంది. వెనక పేజీల్లో ఓడ ఉంది. నూనె మీద సున్నం నిలవదు కదా. 1972 జూలైలో మొదటి పెద్ద వానకు గోడ తడిసి, ఓడ సున్నంలోంచి పైకి తేలింది. దసరాకు మీ అన్న ఈసారి సున్నంలో జిగురు కలిపి రెండు పూతలు వేశాడు. మరుసటి వానలకు ఓడ మళ్ళీ గోడ మీద ఉంది. అప్పటి నుంచి ఏటా అంతే. దసరాకు సున్నం, వానలకు ఓడ. వాన మొదలుకాగానే అత్తమ్మ "ఓడ అచ్చిందానే కనకవ్వా?" అని అడిగేది. వచ్చిందత్తమ్మా అంటే ఆ పూట ఒక ముద్ద ఎక్కువ తినేది.

బట్టలు కుట్టే టేపుతో కొలిచి రాశాను. తేదీ, నేల నుంచి ఎత్తు, తలుపు చట్రానికి దూరం. 1973లో తలుపుకు నూట పది అంగుళాలు. 1980లో తొంభై రెండు. 1990లో యాభై ఐదు. పోయిన ఏడు పద్నాలుగు. మామ బతికుండగా ఒకసారి ఈ లెక్క చూసి, ఆ రోజు నుంచి ఆ గదిలో భోజనం మానేశాడు. అవతల మగ్గాలు నడుస్తుంటే గోడ సన్నగా అదురుతుంది, ఓడ ఊగుతున్నట్టే ఉంటుంది. చిన్నప్పుడు పూనం ఆ గదిలోకి వెళ్ళాలంటే అన్న చొక్కా పట్టుకునేది.

ఈ ఏటి సంగతి వేరు. జూలై పదహారు, శుక్రవారం. శుక్రవారం మగ్గాలకు కరెంటు ఉండదు, నీకు తెలుసు. ఆరు రోజులు చప్పుడులో బతికిన చెవులకు ఆ రోజు ఊరు నీళ్ళలో మునిగినట్టు ఉంటుంది. మధ్యాహ్నం పన్నెండున్నరకు ఎడమ చేత్తో అన్నం పళ్ళెం పట్టుకుని, భుజంతో తలుపు తోశాను. అత్తమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ఆమె వీపు అవతల ఓడ ఉంది.

పళ్ళెం కింద పెట్టి టేపు తెచ్చాను. నేల నుంచి ఇరవై ఆరు అంగుళాలు. ఇంత కిందికి ఎన్నడూ రాలేదు. పొడవు మూరెడు. గీతలు వణుకుతూ, కదిలే నీళ్ళలోంచి చూసినట్టు ఉన్నాయి. కన్ను ఉంది, కంట్లో దారం లేదు. తలుపు చట్రానికి ఓడ కొన ఆనుకుని ఉంది. దూరం గడిలో సున్నా రాశాను. ఇన్నేళ్ళలో మొదటిసారి అత్తమ్మ ఓడ వచ్చిందా అని అడగలేదు. నాలుగో ముద్ద పెడుతుంటే, "ఇగ దూరం లేదు" అన్నది.

గదిలో పచ్చి నూనె వాసన. ఓడ కింద గోడకు తెల్లగా పొడి పూసింది. వేలితో తీసి నాలుకకు తగిలించుకున్నాను. ఉప్పు. పాత ఇటుకలకు చెమ్మ పడితే ఉప్పు పూస్తుందని మేస్త్రీ అన్నాడు. ఇంతకు ముందు ఏ ఏడూ పూయలేదని నోటుబుక్కు చెబుతోంది.

ఇక దీపాలి అనే పిల్ల సంగతి రాయాలి. మన పక్కింటి సుశీలాబాయి కూతురు. మా పూనంతో ఆడుకుని తెలుగు నేర్చుకుంది. నన్ను మాత్రం వాళ్ళ మరాఠీలో కాకూ అంటుంది, పిన్ని అని. బొంబాయిలో బొమ్మల కాలేజీలో చదువుతోంది. యుద్ధాల కాలంలో కొత్తరకం చిత్రకారులు ఓడలను ఎట్లా గీశారన్నది ఆమె పరీక్షకు రాసే విషయమట. వాళ్ళమ్మ మాత్రం, "అందరి పోరీలు పువ్వులు గీస్తయి, మాది తోపులు గీస్తది, దీన్ని బార్డర్‌కు పంపియ్యాలె" అని వాడకంతా చెబుతుంది. జూలై నెలాఖరులో గిన్నె తిరిగివ్వడానికి వచ్చి, ఈ గోడ చూసి, గంటసేపు నేల మీద కూర్చుండిపోయింది.

"కాకూ, ఇది ఎవరు గీసిండ్రు?" అని అడిగింది. మా మరిది అన్నాను. ఏ కాలేజీ అంది. మగ్గాల షెడ్డు అన్నాను. నేను వెక్కిరిస్తున్నాననుకుని, "ఖరం సాంగా నా కాకూ, నిజం చెప్పు" అంది.

మర్నాడు లావుపాటి పుస్తకం తెచ్చింది. వేరే దేశాల్లో పెద్ద యుద్ధాలప్పుడు వేసిన బొమ్మలు. ఓడలన్నీ ముక్కలు ముక్కలు, కోణాలు కోణాలు. చాలావాటిలో మనిషి జాడ లేదు. ఎందుకు లేరే అని అడిగాను. ఆ చిత్రకారులకు ఓడంటే ఓడ కాదట. పెద్ద మిషను. మనుషులను మింగి నడిచే కార్ఖానా. ఒకరు శవపేటిక అనుకుని గీస్తే, ఇంకొకరు తల్లి కడుపు అనుకుని గీశారట. "రెండిట్ల కూడా మనుషులు లోపలనే ఉంటరు కదా కాకూ" అంది. నువ్వు మామకు చెప్పిన జవాబు నేను ఆ పిల్లకు చెప్పనే లేదు.

ఇంకో పేజీలో నిజం ఓడల ఫోటోలు. వాటి ఒంటి నిండా నలుపు తెలుపు చారలు. పెద్ద గళ్ళ లుంగీ అల్లేటప్పుడు దారం తప్పితే చార ఎక్కడో తెగి ఇంకెక్కడో మొదలవుతుందే, అట్లా. దాచడానికా ఈ చారలు అన్నాను. దాచడానికి కాదట. చిత్రకారులనే పిలిపించి వేయించారట. ఓడ కనిపిస్తూనే ఉంటుంది, కాని ఎటు పోతోందో, వస్తోందో వెళ్తోందో శత్రువు పోల్చుకోలేడట. అప్పుడు గోడ వైపు చూశాను. నాడెకు ముందూ వెనకా ఉండదు. రెండు కొనలూ ఒకటే. నువ్వు గీసిన ఓడ వెళ్తున్నదో వస్తున్నదో ఇన్నేళ్ళలో నేనెప్పుడూ ఆలోచించలేదు. వస్తున్నదనే అనుకున్నాను.

ఆ పిల్ల ఇంకొక మాట అన్నది. మా పూనం పుట్టినరోజు ఫోటో ఒకటి గూట్లో ఉంది, 1995ది. వెనక ఆ ఏటి ఓడ పడింది. దీపాలి ఆ ఫోటో గోడ పక్కన పెట్టి అటూ ఇటూ చూసి, "కాకూ, ఇవి రెండూ ఒక్క చెయ్యి కాదు. ఈ సాలుది ఇంకెవరిదో" అన్నది.

అందుకే అడుగుతున్నాను. జూలైలో నువ్వు వచ్చి వెళ్ళావా? వచ్చి ఉంటే ఎందుకు పలకరించలేదని అడగను. వచ్చానని ఒక్క ముక్క రాయి చాలు. రాలేదని రాస్తే, ఆ ఓడ ఎవరు గీశారో నాకు తెలియదు. తెలియని సంగతి నా నోటుబుక్కులో ఇదొక్కటే. అత్తమ్మను ఆ గదిలో ఒంటరిగా వదలాలంటే భయంగా ఉంది. తలుపు తీసే ముందు ఒక దగ్గు దగ్గి తీస్తున్నాను.

మీ అన్నతో ఈ ఉత్తరం సంగతి చెప్పలేదు. ఆయన చెడ్డవాడు కాడు. సున్నం కుంచె పట్టుకున్న చెయ్యి అప్పటి నుంచి బరువుగానే ఉందని నాకు తెలుసు.

నువ్వు వస్తే దారి ఇట్లా. కల్యాణ్‌లో దిగి భివండి బస్సు ఎక్కు. ధామన్కర్ నాకాలో దిగి ఆటో మాట్లాడుకో. అప్పటి పెంకుటిళ్ళు ఒక్కటీ లేవు, అన్నీ మేడలే. మన ఇంటికి ఆకుపచ్చ ఇనుప గేటు, గేటు పక్కన బోరింగు. కనుకయ్య సేటు మగ్గాలు అంటే ఇప్పటికీ చూపిస్తారు.

ఇట్లు
నీ వదిన
కనకవ్వ

తా.క.

21 ఆగస్టు, శనివారం. నాకా దగ్గర మోకాలిలోతు వాననీళ్ళు నిలిచి, మూడు రోజులు పోస్టుకు వెళ్ళలేకపోయాను. ఉత్తరం బీరువాలోనే ఆగింది. ఆగడం మంచిదైంది. పైన రాసిన కొలతలు, తేదీలు అన్నీ సరైనవే. కాని ఒక సంగతి దాచాను.

ఓడ తనంతట తాను పైకి తేలింది 1972లో ఒక్కసారే. జిగురు కలిపిన సున్నంలోంచి మరుసటి ఏడు రాలేదు. అత్తమ్మ మూడు రోజులు అడిగింది. నాలుగో రోజు అన్నం ముందు నుంచి లేచిపోయింది. ఐదో రోజు, అందరూ పనిలో ఉన్న వేళ, నేను నల్లనూనెలో గుడ్డ ముంచాను. అప్పటి నుంచి పోయిన ఏటి వరకు ఇరవై ఆరుసార్లు ఓడ గీసింది నేనే. దగ్గరికి వస్తున్నట్టు కనిపిస్తే ఆమెకు ధైర్యంగా ఉంటుందని ఏటా కొంచెం తలుపు వైపు జరిపాను. సోమయ్య కోసం చూస్తోందనుకున్నాను. ఈ ఏడు చెయ్యి విరిగింది, నేను గీయలేదు. చచ్చిపోయినవాణ్ణి ఇన్నేళ్ళు అంగుళం అంగుళం ఇంటికి పిలిచి, మిగిలిన పద్నాలుగు అంగుళాలు అతనే నడిచి వచ్చాడేమోనన్నది నా భయం. అది నీకు రాయడానికి సిగ్గుపడ్డాను.

నిన్న శుక్రవారం. మగ్గాలు ఆగి ఉన్నాయి. కట్టు విప్పాక మొదటిసారి నా చేత్తో అత్తమ్మకు గోళ్ళు తీస్తున్నాను. ఇన్నాళ్ళూ పూనమే చూసుకుంది. కుడి చూపుడువేలి గోరు కింద నల్లగా ఉంది. మందు మరక అనుకుందట పూనం. వాసన చూశాను. మగ్గం నూనె. నా నూనె డబ్బా మంచం కింద ట్రంకు వెనకే ఉంటుంది. మంచం మీంచి చెయ్యి జారవిడిస్తే అందుతుంది. అక్కడ పెట్టింది నేనే.

నువ్వు గీసినవా అత్తమ్మా అని అడిగాను.

"నీ చెయ్యి ఇరిగింది గదనే. ఇంకెవలు గీస్తరు?" అన్నది.

మునుపటివి నేను గీసినట్టు తెలుసా అన్నాను.

"గంత ఎర్కలేదా? నీది ముగ్గు గీత. ఎంత ఓడ గీసినా ముగ్గు లెక్కనే ఉంటది. నొచ్చుకుంటవని అనలే" అన్నది.

సోమయ్య కోసం చూస్తున్నావనుకున్నానత్తమ్మా అన్నాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"సోమయ్య సచ్చిపాయె గదనే. టెలిగ్రాం అచ్చిన్నాడే సచ్చిపాయె. సచ్చినోని కోసం ఎవలన్న ఎదురుసూత్తరా? నేను సూసేది చిన్నోని కోసం. ఇల్లు మారె, వాడ మారె. గోడ మీద వాని ఓడ సుత లేకుంటే, ఇది మా ఇల్లు కాదనుకొని వాడు గడపలకెంచి మర్లిపోతడు."

కంటికి దారం ఎందుకు ఎక్కించలేదని అడిగాను. "అది నా పని కాదు" అని గోడ వైపు తిరిగింది.

మీ అన్న తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు. వంగి ట్రంకు వెనక నుంచి డబ్బా తీసి పట్టుకెళ్ళాడు. పారబోస్తాడనుకున్నాను. నిండుగా తెచ్చి అక్కడే పెట్టాడు. ఇరవై ఆరేళ్ళలో ఆ డబ్బా ఒక్కసారీ ఎందుకు అడుగంటలేదో నేనెన్నడూ లెక్క చూసుకోలేదు. సాయంత్రం మేస్త్రీని రావద్దన్నాడు. గోడ ఉంటుంది. అత్తమ్మ సంగతి నేను చెప్పలేను.

నోటుబుక్కులో, ఎవరు గీశారు అని ఒక కొత్త గడి కలిపాను. 1971, అంకుశం. 1972, వాన. తర్వాత ఇరవై ఆరు వరుసల్లో నా పేరు. ఈ ఏడు, అత్తమ్మ పేరు, సమ్మవ్వ. దాని కింద ఇంకో వరుస గీసి పేరు ఖాళీగా వదిలాను. తేదీ గడిలో ఆగస్టు అని మాత్రం రాశాను.